ఎర్రనేల రొదలో బంగారపు సవ్వడి

ఆస్ట్రేలియా ఆగ్నేయ భాగాన, విక్టోరియా రాష్ట్రంలో మోలియాగుల్ అనే చిన్న పల్లె ఉన్నది. 1869 ఫిబ్రవరి 5న అక్కడ జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరు గనికార్మికులకు ఒక చెట్టు వేళ్ల మధ్య, భూమికి అంగుళం లోతున, ఒక బంగారు ముద్ద దొరికింది. దాని బరువు డెబ్బై కిలోలకు పైమాటే. సమీపంలోని డనోలీ పట్టణంలో అంతటి ముద్దను తూచగల త్రాసు లేకపోవడంతో, దానిని దాగలిపై పెట్టి ముక్కలు చేయవలసి వచ్చింది. 'వెల్‌కమ్ స్ట్రేంజర్' అనే పేరుతో అది చరిత్రకెక్కింది.

నూటపదకొండేళ్లు గడిచాయి. 1980 సెప్టెంబరులో అదే ప్రాంతంలోని కింగోవర్ సమీపాన కెవిన్ హిల్లియర్ అనే వ్యక్తి చేతిలోని మెటల్ డిటెక్టర్ ఒకచోట గట్టిగా మోగింది. తవ్విచూడగా అడుగు లోతులోనే 27 కిలోల బంగారు ముద్ద నిలువుగా నిలిచి ఉన్నది. 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' అని ప్రసిద్ధి చెందిన ఆ ముద్దను అమెరికాలోని లాస్ వేగాస్ నగరపు జూదశాల ఒకటి పదిలక్షల డాలర్లకు పైగా చెల్లించి కొనుగోలు చేసింది. మెటల్ డిటెక్టర్‌తో దొరికిన బంగారు ముద్దలలో అంతకంటె పెద్దది లేదు.

1851లో బంగారు వేట మొదలైన నాటినుంచి ఆ నేలను లక్షలమంది పలుగూ పారా పట్టుకొని గాలించారు. ఆ ముద్ద మీదుగా ఎందరు నడిచిపోయారో లెక్కలేదు. అడుగు మన్ను అడ్డుగా ఉంటే మనిషి కంటికి బంగారమైనా, గులకరాయి అయినా ఒకటే.

'సువర్ణ త్రిభుజం' అని పిలువబడే ఆ ప్రాంతానికి నేటికీ వేలాదిమంది డిటెక్టర్లు భుజాన వేసుకొని వస్తూనే ఉన్నారు. వారిలో అధికసంఖ్యాకులు సాయంత్రానికి తుప్పుపట్టిన మేకులూ, డబ్బా మూతలూ, తుపాకి గుండ్లూ జేబులో వేసుకొని ఇంటిదారి పడతారు. కొద్దిమంది మాత్రం అదే వాగులో, అదే యంత్రంతో, అంతకుముందు పదిమంది వెతికి వదిలిన చోటనే బంగారం తీస్తారు. అందులో అదృష్టం పాలు లేదని కాదు. అయితే అదృష్టం తలుపు తట్టినప్పుడు ఆ చప్పుడు వినబడాలి కదా! వినబడడమో, వినబడకపోవడమో నిర్ణయించేవి రెండు: యంత్రానికి తగిలించే కాయిల్, దాని మీటల అమరిక.

యంత్రం వినేదేమిటి?

డిటెక్టర్ అడుగున పళ్లెం ఆకారంలో ఉండే భాగమే కాయిల్. దాని లోపల రాగితీగ చుట్టలు ఉంటాయి. వాటిలో విద్యుత్తు ప్రవహించి, మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని భూమిలోకి పంపుతుంది. ఆ క్షేత్రం ఏదైనా లోహాన్ని తాకినప్పుడు ఆ లోహంలో చిన్న చిన్న సుడి విద్యుత్ప్రవాహాలు పుడతాయి. అవి తమ వంతుగా మరొక బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తాయి. కాయిల్ దానిని పసిగట్టి ధ్వనిగా మార్చి చెవికి అందిస్తుంది.

అంటే యంత్రానికి బంగారమంటే ఏమిటో తెలియదు. తన క్షేత్రంలో కలిగిన కదలికను మాత్రమే అది చెప్పగలదు. ఆ కదలిక దేనివల్ల కలిగినదో తేల్చుకోవలసినవాడు మనిషి. ఈ చిక్కు కొత్తది కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై హత్యాప్రయత్నం జరిగినప్పుడు, ఆయన శరీరంలో చిక్కుకున్న తూటాను కనుగొనేందుకు టెలిఫోన్ సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇటువంటి పరికరాన్నే తయారుచేసి తెచ్చాడు. కాని తూటా జాడ దొరకలేదు. రోగి పడుకున్న పరుపులోని ఉక్కు స్ప్రింగులు పరికరాన్ని తికమక పెట్టడం అందుకు ఒక కారణమని చెబుతారు. దగ్గరగా ఉన్న పెద్ద లోహపు రొదలో దూరంగా ఉన్న చిన్న తూటా సవ్వడి కలిసిపోయింది.

విక్టోరియా బంగారు భూములలో ఆ పరుపు పాత్రను నేలే నిర్వహిస్తుంది. ఆ ఎర్రమట్టి నిండా ఇనుప ఖనిజాలు. వాటిలో మాగ్నటైట్, మాగ్హమైట్ అనేవి అయస్కాంత క్షేత్రానికి గట్టిగా స్పందిస్తాయి. పావు గ్రాము బంగారు రవ్వ చేసే సవ్వడికంటె దానిని కప్పిన మట్టి చేసే రొద ఎన్నోరెట్లు పెద్దది. అందువల్ల బంగారాన్వేషణలో అసలు సమస్య బంగారాన్ని వినడం కాదు, బంగారాన్ని పోగొట్టుకోకుండా నేలను మౌనం వహింపజేయడం. నేల నోరు మూయించే ప్రతి ఉపాయమూ ఎంతో కొంత బంగారం నోరు కూడా మూయిస్తుంది. కాయిల్‌ను ఎన్నుకోవడం, మీటలను సరిచేయడం అనే విద్య అంతా ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుంది.

రెండు జాతుల యంత్రాలు

బంగారు వేటలో వాడే డిటెక్టర్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకం అలలవలె ఎడతెగని ప్రసారం చేస్తుంది. దానికి వీఎల్ఎఫ్ అని పేరు. ఆ అలల పౌనఃపున్యం ఎంత హెచ్చితే అంత చిన్న బంగారు రవ్వ వినబడుతుంది. ఫిషర్ సంస్థవారి గోల్డ్ బగ్ 2 అనే యంత్రం 71 కిలోహెర్ట్జ్ వద్ద పనిచేస్తూ, ఆవగింజంత రవ్వను కూడా పట్టగలదని పేరు తెచ్చుకున్నది. అయితే పౌనఃపున్యం పెరిగినకొద్దీ ఇనుప మట్టి గోల కూడా పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. ఇసుక, తెల్లమట్టి, సాధువైన నేల ఉన్నచోట ఈ యంత్రం చక్కగా రాణిస్తుంది. ఎర్రనేలమీద అడుగుపెట్టగానే దిక్కుతోచని స్థితిలో పడుతుంది.

రెండవ రకం ఆగి ఆగి పనిచేసే యంత్రం. విద్యుత్తును ఒక్క పోటుగా పంపి, ఠక్కున ఆపి, నిశ్శబ్దంలో చెవి ఒగ్గుతుంది. ఇది పల్స్ ఇండక్షన్ పద్ధతి. పోటు ఆగిన తర్వాత బంగారంలోని సుడి ప్రవాహాలు ఒక తీరున, నేలలోని అయస్కాంత ప్రతిస్పందన మరొక తీరున చల్లారతాయి. ఆ తేడాను ఆసరా చేసుకొని, సెకనులో లక్షల వంతుల వ్యవధిలో వేర్వేరు క్షణాలలో కొలతలు తీసి, ఒకదానినుంచి మరొకదానిని తీసివేస్తే నేల రొద చాలావరకు రద్దవుతుంది. 1985లో దక్షిణ ఆస్ట్రేలియాలో స్థాపితమైన మైన్‌ల్యాబ్ సంస్థ, బ్రూస్ క్యాండీ పరిశోధనల ఫలితంగా, 1990 దశకం మధ్యలో ఈ పద్ధతిపై నడిచే బంగారు డిటెక్టర్లను అమ్మకానికి తెచ్చింది. అంతవరకు యంత్రాలకు లొంగని ఎర్రనేలలు వాటికి లొంగిపోయాయి.

ఈ వరానికీ ఒక మెలిక ఉన్నది. నేలను రద్దుచేసే తీసివేతలోనే, అదే వేగంతో చల్లారే ఒకానొక పరిమాణపు బంగారం కూడా రద్దయిపోతుంది. అంతకంటె చిన్న రవ్వ వినబడుతుంది, అంతకంటె పెద్ద ముద్ద వినబడుతుంది. ఆ మధ్యస్థపు ముక్క మాత్రం యంత్రం కింద ఉండీ మాట్లాడదు. అందువల్లనే ఈ యంత్రాలలో కొలతల కాలాన్ని మార్చుకునే మీట ఉంచుతారు. ఒక అమరికలో మౌనంగా ఉన్న ముక్క ఇంకొక అమరికలో పలుకుతుంది. గాలించిన వాగునే అమరిక మార్చి రెండవసారి గాలించడం అనుభవజ్ఞుల అలవాటు.

కాయిల్: చిన్నదా, పెద్దదా?

కొత్తవారిలో ఒక భ్రమ సర్వసాధారణం: కాయిల్ ఎంత పెద్దదైతే అంత బంగారం! పెద్ద కాయిల్ క్షేత్రం లోతుకు దిగుతుందన్న మాట నిజమే. కాని ఆ క్షేత్రం విశాలమైన మేర పరుచుకొని పలచబడుతుంది. చిన్న రవ్వపై దాని ప్రభావం అంతంత మాత్రం. అంతేకాక పెద్ద కాయిల్ ఒకేసారి ఎక్కువ మట్టిని 'వింటుంది', కావున నేల రొద కూడా ఎక్కువే. చిన్న కాయిల్ క్షేత్రం చిక్కనిది. తన కిందనున్న గుప్పెడు మట్టిని శ్రద్ధగా పరిశీలిస్తుంది, రాళ్ల సందుల్లోకీ, పొదల మొదళ్లలోకీ దూరుతుంది. కాని లోతున ఉన్న ముద్దను అందుకోలేదు.

అన్వేషకుడు మొదట తెలుసుకోవలసినది తన కాళ్లకింద మన్ను ఎంత లోతున్నదో. గట్టురాయిపై జానెడు మన్ను మాత్రమే ఉన్న ఏటవాలు నేలలో ఆరు నుంచి పది అంగుళాల కాయిల్ చాలు. అక్కడ పద్దెనిమిది అంగుళాల కాయిల్ తిప్పడం చీమను పట్టడానికి వల విసరడం వంటిది. వరదమట్టి నిండిన లోతైన వాగు అడుగున, లేక పాతకాలపు గనికార్మికులు పోసిపోయిన మట్టిదిబ్బల వద్ద, పదహారు పద్దెనిమిది అంగుళాల కాయిల్‌కు పని ఉన్నది. ఎటూ తేలనప్పుడు పదకొండు అంగుళాల కాయిల్ మధ్యేమార్గం.

ఇందులో ఒక లెక్క ప్రతి అన్వేషకుడికీ కంఠస్థం కావలసినది. కాయిల్ వ్యాసాన్ని దాటిన దూరంలో, చిన్న లోహపు ముక్కకూ కాయిల్‌కూ మధ్య దూరం రెట్టింపైతే ధ్వని సగం కాదు, దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. క్షేత్రం వెళ్లేదారిలో ఒకసారి, తిరిగివచ్చే దారిలో ఒకసారి క్షీణించడమే అందుకు కారణం. కనుక అలసిన చేయి కాయిల్‌ను నేలకు రెండంగుళాలు ఎత్తిపెడితే, వేలు పోసి కొన్న లోతులో ఆ రెండంగుళాలూ గాలిపాలే. బరువైన పెద్ద కాయిల్ మధ్యాహ్నానికల్లా చేతిని అలసింపజేస్తుందన్నది కూడా ఎంపికలో లెక్కకు రావలసిన సంగతి.

ఇక కాయిల్ లోపలి అల్లిక. ఒకే చుట్ట ప్రసారమూ, శ్రవణమూ రెండూ చేస్తే అది మోనో కాయిల్. దాని వినికిడి పదునైనది, లోతు ఎక్కువ. కాని దాని క్షేత్రం గరాటువలె లోతుకుపోయినకొద్దీ సన్నబడుతుంది, కాబట్టి ఒక ఊపుకూ మరొక ఊపుకూ మధ్య సగం మేర కలిసేలా తిప్పాలి. ఇంగ్లీషు అక్షరం 'డి' ఆకారంలో రెండు చుట్టలను ఒకదానిపై ఒకటి కొంత మేర కలిసేలా అమర్చితే అది డబుల్ డి కాయిల్. దానికి నేల రొద తక్కువగా వినిపిస్తుంది, మధ్యభాగాన పొడవునా సమంగా వింటుంది. అందుకు మూల్యంగా మోనోకు గల లోతులో కొంత వదులుకోవాలి. నేల సాధువైతే మోనో, నేల మొండిదైతే డబుల్ డి అన్నది అనుభవం చెప్పే మొదటి పాఠం.

మీటల వెనుక మర్మం

యంత్రాన్ని వెలిగించగానే చేయవలసిన మొదటి పని నేలతో రాజీ. దీనిని గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. లోహం లేని చోటు చూసి, కాయిల్‌ను మోకాలి ఎత్తునుంచి నేలను ఆనేంతవరకు పైకీ కిందికీ ఆడిస్తూ, ధ్వనిలో మార్పు రాకుండా పోయేవరకు సరిచేయాలి. మట్టి రంగు మారినా, వాగు దాటినా మళ్లీ చేయాలి. కొన్ని యంత్రాలు నడుస్తున్నంతసేపూ తమంతట తామే నేలకు సర్దుకుపోతాయి. ఇది సుఖమే కాని ఇందులో ఒక ప్రమాదం ఉన్నది. బలహీనమైన సవ్వడి విని, అనుమానంతో అదేచోట కాయిల్‌ను పదేపదే తిప్పితే, యంత్రం ఆ బంగారాన్ని కూడా నేలగా భావించి దానికీ సర్దుకుపోతుంది. ధ్వని మాయమవుతుంది, మనిషి ముందుకు సాగిపోతాడు.

రెండవది థ్రెషోల్డ్, అంటే ఎడతెగక వినబడే సన్నని ఝుంకారం. దోమ రొదంత ఉంటే చాలు. లోతైన బంగారం గట్టిగా అరవదు. ఆ ఝుంకారంలో ఒక చిన్న తొణుకు కలిగిస్తుంది, అంతే. చికాకుగా ఉన్నదని ఝుంకారాన్ని పూర్తిగా ఆపివేసేవాడికి ఆ తొణుకు తెలిసే దారి లేదు. చెవులకు తొడుక్కునే హెడ్‌ఫోను ఇక్కడ అలంకారం కాదు, అవసరం.

మూడవది సున్నితత్వం, సెన్సిటివిటీ. దీనిని చివరికంటా తిప్పడం కొత్తవారు చేసే పని. రేడియో ధ్వనిని మితిమీరి పెంచితే పాట స్పష్టంగా వినబడదు, గరగర వినబడుతుంది. ఇక్కడా అంతే. యంత్రం గొణగడం ప్రారంభించేవరకు పెంచి, అక్కడినుంచి కొద్దిగా తగ్గించడం మంచి పద్ధతి. విద్యుత్తు తీగలు, ఉరుములు, జేబులోని సెల్‌ఫోను, పక్కన తిరిగే మరొక డిటెక్టర్ కూడా రొద కలిగిస్తాయి. కాయిల్‌ను కదలకుండా పట్టుకొని రొద తక్కువగల మార్గానికి మార్చుకునే మీట అందుకోసమే ఉన్నది.

నాలుగవది అందరినీ ఆకర్షించేది, అందరికంటె ఎక్కువ నష్టం కలిగించేది: ఇనుమును ఏరివేసే డిస్క్రిమినేషన్ మీట. మేకులు తవ్వి విసిగినవాడికి అది వరప్రసాదంగా కనిపిస్తుంది. కాని చిన్న బంగారు రవ్వ, ఇనుపరాయిలో ఇరుక్కున్న బంగారం, మిక్కిలి లోతున ఉన్న ముద్ద, ఈ మూడూ యంత్రానికి ఇనుమువలెనే కనిపించవచ్చు. అందువల్ల చెత్త దట్టంగా పడివున్న పాత గుడారాల స్థలాలలో తప్ప అనుభవజ్ఞులు ఆ మీట జోలికి పోరు. మోగిన ప్రతిచోటా తవ్వుతారు. వారి పలుగుకు ఒక అయస్కాంతం అతికించి ఉంటుంది. నాలుగు వేళ్ల లోతు మన్ను గీకగానే మేకు వచ్చి దానికి అతుక్కుంటుంది. అతుక్కోనిది మిగిలితే మన్నును ప్లాస్టిక్ గరిటెలోకి ఎత్తి, కాయిల్ ముందు ఆడించి, సగం సగంగా పారబోస్తూపోతే చివరి చిటికెడు మట్టిలో అసలు సంగతి బయటపడుతుంది. అది తరచు సీసపు గుండు. ఒక్కొక్కసారి దానికంటె దాదాపు రెండురెట్లు సాంద్రత గలది.

సరైన అమరిక తెలుసుకునేందుకు పుస్తకంకంటె నమ్మదగిన గురువు ఒకటున్నది. చిన్న బంగారు రవ్వనో, సీసపు గుండునో ప్లాస్టిక్ బిళ్లకు అతికించి, ఆనాడు వెతకబోయే నేలమీదనే ఉంచి, ఒక్కొక్క మీటనే మారుస్తూ కాయిల్‌ను మెల్లగా తిప్పిచూడాలి. నేల ఎంత ప్రశాంతంగా ఉన్నదో కాదు, రవ్వ ఎంత స్పష్టంగా పలికినదో చూడాలి. ఎక్కువ నిశ్శబ్దంగా ఉన్న అమరికలో రవ్వ కూడా నిశ్శబ్దంగా ఉండిపోవడం తరచు జరిగే విషయం.

యంత్రం వెల మాత్రమే ఫలితాన్ని నిర్ణయించదనడానికి 2023లో వార్తలకెక్కిన సంఘటన ఒకటున్నది. సువర్ణ త్రిభుజంలోనే ఒక అన్వేషకుడు, సుమారు 1,200 ఆస్ట్రేలియన్ డాలర్ల సాధారణ డిటెక్టర్‌తో 4.6 కిలోల రాయి ఒకటి పట్టాడు. అందులో బంగారమే 2.6 కిలోలు. ఖరీదైన యంత్రాల వెల అందుకు ఎన్నో రెట్లు.

తవ్వే హక్కు, పూడ్చే బాధ్యత

విక్టోరియాలో సామాన్యుడు ఇలా బంగారం వెదికి తనదిగా ఉంచుకోగలగడం వెనుక రక్తచరిత్ర ఉన్నది. 1850 తర్వాతి తొలి సంవత్సరాలలో బంగారం దొరికినా దొరకకపోయినా ప్రతి కార్మికుడూ నెలకు 30 షిల్లింగుల లైసెన్సు రుసుము చెల్లించవలసి వచ్చేది. ఆ దుర్భరభారంపై బల్లరాట్ వద్ద తిరుగుబాటు చెలరేగి, 1854 డిసెంబరు 3న యురేకా పోరాటంలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. మరుసటి ఏడే లైసెన్సు రద్దయి, ఏడాదికి ఒక పౌను రుసుముతో 'మైనర్స్ రైట్' అనే హక్కుపత్రం అమలులోకి వచ్చింది. నేటికీ అది ఉన్నది. స్వల్ప రుసుముకు పదేళ్లవరకు చెల్లుతుంది.

ఆ పత్రం చేతిపనిముట్లకే అనుమతినిస్తుంది. ప్రైవేటు భూమిలో యజమాని సమ్మతి కావాలి. జాతీయోద్యానాలలో చాలావరకు ప్రవేశం లేదు. బంగారు తవ్వకాలకు వేల ఏళ్ల ముందునుంచి ఆ నేల తమదిగా జీవించిన జా జా వుర్రుంగ్ వంటి ఆదివాసుల స్మృతిచిహ్నాలకు చట్టరక్షణ ఉన్నది. తవ్విన ప్రతి గుంటనూ పూడ్చితీరాలి.

మన దేశంలో పరిస్థితి వేరు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఖనిజాన్వేషణ నేరం. భూమిలో దొరికిన నిధిని అధికారులకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం విధిస్తున్నది. రక్షిత పురావస్తు స్థలాలలో తవ్వడం మరింత తీవ్రమైన అపరాధం. పైగా తెలుగు కార్మికులెందరో చెమటోడ్చిన కోలారు గనులలో బంగారం చాలావరకు గట్టురాతిలో సన్నని రేణువులుగా ఉండేది. దానికోసమే మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, 2001లో మూతపడేవరకు రాతిని పిండిచేసి తీశారు. అటువంటి బంగారానికి ఏ కాయిలూ పనికిరాదు. తొలకరి వానలకు వజ్రకరూరు పొలాల్లో వజ్రాల కోసం వెతికేవారికైతే డిటెక్టర్ అసలే అక్కరకు రాదు. వజ్రంలో విద్యుత్తు ప్రవహించదు.

విక్టోరియా వాగులలో మాత్రం వేట ఇంకా ముగియలేదు. ఒక్కొక్క తరం యంత్రం తనకు వినబడినంత బంగారాన్ని తీసుకుపోయింది, తన చెవికందని కొలతను మట్టిలోనే వదిలింది. పెద్ద కాయిల్‌తో వచ్చినవాడు రవ్వలను వదిలాడు. చిన్న కాయిల్‌తో వచ్చినవాడు లోతును వదిలాడు. ఇనుమును ఏరివేసినవాడు ఇనుపరాయిలోని బంగారాన్ని వదిలాడు. కాబట్టి పాత వాగులోకి కొత్తగా దిగే అన్వేషకుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న బంగారం ఎక్కడున్నదని కాదు. తనకు ముందు వచ్చినవారు వినకుండా వదిలినది ఏమై ఉంటుందని.